కరెంటు బిల్లు, గృహజ్యోతి, పోస్టాఫీసు, సింగరేణి: ఉత్తర తెలంగాణలో తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి కరెంటు బిల్లో, పింఛను కాగితమో, పోస్టాఫీసు పాస్‌బుక్కో పట్టుకొని వచ్చేవాళ్లు మమ్మల్ని అడిగే ప్రశ్నలివి. కౌంటర్ దగ్గర "కాదు పో" అన్న మాటనే చట్టమనుకొని వెనక్కి మళ్లేవాళ్లు చాలామంది. ఏ పనికి ఏ ఆఫీసు, ఏ నియమం మన పక్షాన ఉంది అన్నది తెలిస్తే సగం పంచాయితీ అక్కడే తెగుతుంది. అందుకే వీటిని ఒకచోట పెట్టాం.

బిల్లు మీద ఒకప్పుడు ఏపీ, తర్వాత టీఎస్, ఇప్పుడు టీజీ అని ఉంది. మేం అసలు ఎవరి కింద ఉన్నాం?

సంస్థ ఒక్కటే, పేరే మారుతూ వచ్చింది. పాత విద్యుత్ బోర్డును 1999 ఫిబ్రవరి 1న రెండు ముక్కలు చేశారు. కరెంటు తయారుచేసేది జెన్‌కో, పెద్ద లైన్ల మీద మోసుకొచ్చేది ట్రాన్స్‌కో. 2000లో ఇంటింటికీ పంచే పనిని డిస్కంలకు అప్పగించారు. మనది ఉత్తర డిస్కం, ప్రధాన కార్యాలయం హనుమకొండలో ఉంది. 2014లో టీఎస్ ఎన్పీడీసీఎల్ అయింది, 2024లో టీజీ ఎన్పీడీసీఎల్ అయింది. పాత వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, ఖమ్మం జిల్లాలు దీని పరిధి.

ఒక్క సిరిసిల్ల సంగతి వేరు. అక్కడ 1970 నుంచి సెస్ అనే సహకార సంఘం కరెంటు పంచుతోంది. వినియోగదారులే సభ్యులు, పాలకవర్గాన్ని ఓటేసి ఎన్నుకుంటారు. సిరిసిల్ల వాళ్లు ఫిర్యాదు కోసం మొదట తట్టాల్సింది సెస్ తలుపే.

బొగ్గు మాది, రామగుండం మాది, చెల్పూరు మాది. మరి మాకు కరెంటు చవకగా ఎందుకు రాదు?

న్యాయమైన ప్రశ్న. రామగుండంలో ఎన్టీపీసీ పాత స్టేషన్ సామర్థ్యం 2,600 మెగావాట్లు. 1978లో పునాదిరాయి పడింది, 1983లో మొదటి యూనిట్ నడిచింది. అది కేంద్ర సంస్థ కాబట్టి ఆ కరెంటులో దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ వాటా ఉంది. దాని పక్కనే కట్టిన తెలంగాణ సూపర్ థర్మల్ స్టేషన్, 800 మెగావాట్ల యూనిట్లు రెండు, 2014 విభజన చట్టంలో రాష్ట్రానికి ఇచ్చిన 4,000 మెగావాట్ల హామీలో మొదటి భాగం. దాని కరెంటులో 85 శాతం తెలంగాణకే. భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ ప్రాజెక్టు 1,100 మెగావాట్లు, అది రాష్ట్ర జెన్‌కోది. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో 1,200 మెగావాట్ల కేంద్రం సింగరేణిది.

ఇవన్నీ మన చుట్టూనే ఉన్నా, తయారైన కరెంటు గ్రిడ్డులోకి పోతుంది. డిస్కంలు ఒప్పందాల ప్రకారం కొంటాయి. అమ్మే ధరను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, అంటే ఈఆర్సీ, రాష్ట్రమంతటికీ ఒకే తీరుగా నిర్ణయిస్తుంది. చెల్పూరు పొగగొట్టం కింద ఉన్న ఇంటికీ హైదరాబాద్ ఫ్లాటుకీ యూనిట్ రేటు ఒకటే. బూడిద, దుమ్ము, పోయిన భూమి మాత్రం ఇక్కడివాళ్లకే. మా అభిప్రాయం ఏంటంటే, రేటు తగ్గించమని అడగడం కంటే ఆ ఊళ్లకు తాగునీరు, ఆరోగ్య పరీక్షలు, ఉద్యోగాల్లో స్థానికుల వాటా గట్టిగా అడగడం మేలు. అవి ఇప్పించే బాధ్యత ఆ సంస్థల మీద ఉంది.

ఈఆర్సీ రేట్లు ఖరారు చేసే ముందు బహిరంగ విచారణ పెడుతుంది. హనుమకొండలోనూ పెట్టిన సందర్భాలున్నాయి. ఎవరైనా వెళ్లి మాట్లాడొచ్చు, రాతపూర్వకంగా అభ్యంతరం పంపొచ్చు. రైతు సంఘాలు, మిల్లుల వాళ్లు వస్తారు. మామూలు ఇంటివాళ్లు మాత్రం చాలా తక్కువగా కనిపిస్తారు, అది మారాలి.

గృహజ్యోతి జీరో బిల్లు ఎవరికి వస్తుంది?

తెల్ల రేషన్ కార్డు ఉండి, ఆధార్ నంబరు, ఇంటి కరెంటు సర్వీసు నంబరు దరఖాస్తులో సరిగ్గా నమోదై, నెలకు 200 యూనిట్లు దాటకుండా వాడే ఇంటికి ఈ రాష్ట్ర పథకం కింద బిల్లు మాఫీ. 2024 మార్చి నుంచి అమలవుతోంది. కిరాయికి ఉన్నవాళ్లూ అర్హులే. "ఓనర్ పేరు మీద మీటరుంది, నాకెట్లా వస్తది" అని చాలామంది దరఖాస్తే పెట్టలేదు. మీరుండే ఇంటి సర్వీసు నంబరు మీ రేషన్ కార్డుకు ముడిపడితే చాలు.

ఇల్లు మారినప్పుడే చిక్కు. పాత ఇంటి నంబరు మీ కార్డుకు అట్లాగే అతుక్కొని ఉంటే కొత్త ఇంట్లో జీరో బిల్లు రాదు. ఊళ్లో అయితే ఎంపీడీవో ఆఫీసులో, పట్నంలో అయితే మున్సిపల్ ఆఫీసులో ప్రజాపాలన కౌంటర్ దగ్గరికి రేషన్ కార్డు, ఆధార్, కొత్త ఇంటి బిల్లు తీసుకెళ్లి మార్పించుకోవాలి. లైన్‌మన్‌ను, బిల్లు కొట్టే అబ్బాయిని అడిగి లాభం లేదు, వాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

201 యూనిట్లు వచ్చాయి. ఆ ఒక్క యూనిట్‌కే డబ్బు కడితే సరిపోదా?

సరిపోదు. ఇక్కడే చాలా ఇళ్లు దెబ్బతింటున్నాయి, అందుకే లెక్క విడమరిచి చెప్తాం.

2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం ఇళ్లను మూడు వర్గాలు చేశారు. నెలకు 100 యూనిట్ల లోపు వాడితే మొదటి 50కి యూనిట్ 1.95 రూపాయలు, తర్వాతి 50కి 3.10. వంద దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. రెండు వందలు దాటితే మొదటి 200 యూనిట్లకే 5.10 పడుతుంది, 201 నుంచి 300 వరకు 7.70, ఆపైన 9 రూపాయలు, ఇంకా ఎక్కువ.

కాబట్టి జీరో బిల్లు లేని ఇంట్లో 200 యూనిట్లు కాలితే కరెంటు చార్జీ 820 రూపాయలు. 201 కాలితే 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్ తేడాకు 207 రూపాయలు పైనే. అదే గృహజ్యోతి ఉన్న ఇంటికైతే సున్నా నుంచి ఒక్కసారిగా వెయ్యి దాటుతుంది. దీనికి తోడు ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, యూనిట్‌కు 6 పైసల సుంకం.

ఈ పద్ధతి తప్పని మేం గట్టిగా నమ్ముతున్నాం. కూలి చేసుకునే ఇంట్లో మే నెలలో కూలరు రెండు రాత్రులు ఎక్కువ తిరిగినందుకు వెయ్యి రూపాయలు కట్టమనడం అన్యాయం. 200 వరకు మాఫీ చేసి, పైన కాలినదానికే బిల్లు వేయాలని ప్రభుత్వాన్ని అడగాలి. ఆ మార్పు వచ్చేదాకా జాగ్రత్త మన చేతిలోనే ఉంది. రోజుకు ఆరున్నర యూనిట్లు దాటొద్దు. బిల్లు కొట్టిన రోజు రీడింగ్‌ను గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టండి. పదిహేనో రోజు మీటరు చూడండి, తేడా వంద దాటితే మిగతా సగం నెల తగ్గించుకోవాల్సిందే. రెండు కిలోవాట్ల గీజరు గంట నడిస్తే 2 యూనిట్లు. ఇళ్లల్లో గుట్టుగా కాల్చేది ఎక్కువగా అదే.

బిల్లు కాగితంలో ముఖ్యంగా ఏం చూడాలి?

పొడుగ్గా, సన్నగా ఉండే ఆ కాగితం మీద అక్షరాలు నాలుగు నెలల్లో వెలిసిపోతాయి. ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తర్వాత మూడు చూడండి. ఒకటి, పాత రీడింగ్ తేదీ, కొత్త రీడింగ్ తేదీ. మధ్యలో రోజులు బాగా పెరిగితే యూనిట్లు పెరిగి స్లాబు మారే ప్రమాదం ఉంటుంది, అట్లాంటప్పుడు సెక్షన్ ఆఫీసులో ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజనీరుకు, రాసివ్వండి. రెండు, కేటగిరీ. ఇంటి ముందు గదిలో చిన్న కిరాణం పెట్టారని ఇంటి మొత్తాన్ని కమర్షియల్ చేసేసిన బిల్లులు చూశాం. దుకాణానికి వేరే మీటరు అడగండి. మూడు, ఏసీడీ.

ఏసీడీ అంటే అదనపు డిపాజిట్. గత ఏడాది మీ వాడకం పెరిగితే, సుమారు రెండు నెలల బిల్లుకు సరిపడా డిపాజిట్ ఉండాలని తేడా వసూలు చేస్తారు. 2023 జనవరిలో ఉత్తర తెలంగాణలో ఇది పెద్ద గొడవైంది. అది పోయిన డబ్బు కాదు. 2003 విద్యుత్ చట్టం 47వ సెక్షన్ ప్రకారం డిపాజిట్ మీద వడ్డీ ఇవ్వాలి, కనెక్షన్ తీసేయించుకుంటే అసలు తిరిగివ్వాలి. కిరాయిదారు ఏసీడీ కట్టి ఉంటే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనర్‌తో లెక్క చూసుకోవాలి, ఎందుకంటే ఆ డబ్బు సర్వీసు నంబరుతోనే ఉండిపోతుంది.

బకాయి ఉందని చెప్పకుండానే కరెంటు తీసేయొచ్చా?

తీయకూడదు. అదే చట్టం 56వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. బిల్లు తప్పని మీరనుకుంటే, అభ్యంతరం తెలుపుతూ ఆ మొత్తమో, గత ఆరు నెలల సగటు బిల్లో, ఏది తక్కువైతే అది కట్టి కనెక్షన్ నిలుపుకోవచ్చు.

బావి మోటార్లకు మీటర్లు పెడతారా? ఉచిత కరెంటు పోతుందా?

వ్యవసాయానికి ఉచిత కరెంటు 2004లో వచ్చింది. 2018 జనవరి 1 నుంచి 24 గంటలు ఇస్తున్నారు. అంతకుముందు విడతలవారీ కరెంటు కోసం అర్ధరాత్రి బావి కాడికి పోయి పాము కాటుకో, షాక్‌కో ప్రాణాలు పోగొట్టుకున్న రైతులున్న ఊళ్లు ఇవి. కాబట్టి ఈ భయం ఊరికే పుట్టింది కాదు.

2025 నవంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం వ్యవసాయం, ఎత్తిపోతలు, తాగునీటి పథకాల కనెక్షన్లను చూసుకోవడానికి మూడో డిస్కం పెట్టాలని నిర్ణయించింది. సబ్సిడీ లెక్క ఒకచోట తేలడం దాని ఉద్దేశం. లెక్క తేలడం మంచిదే. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కొలిస్తే ఆ లెక్క వస్తుంది, రైతు స్టార్టర్ డబ్బా పక్కన మీటరు అక్కర్లేదు.

రైతులు చేయాల్సింది ఒకటుంది. కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపే ఆటోస్టార్టర్ తీసేయండి, కెపాసిటర్ బిగించుకోండి. కరెంటు పోయి వచ్చిన క్షణంలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారే ఎత్తుకుంటే అది తట్టుకోలేదు.

ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. తలా ఇన్ని పైసలు వేసుకొని ట్రాక్టర్‌లో తీసుకుపొమ్మంటున్నారు. కట్టాలా?

కట్టొద్దు. కాలినదాన్ని దింపడం, రిపేరు సెంటర్‌కు తీసుకెళ్లడం, మంచిది తెచ్చి ఎక్కించడం అంతా సంస్థ పని, సంస్థ ఖర్చు. ఈఆర్సీ పెట్టిన సేవా ప్రమాణాల ప్రకారం పట్టణంలో 24 గంటల్లో, పల్లెలో 48 గంటల్లో మార్చాలి. గడువు దాటితే వినియోగదారుడికి పరిహారం కోరే హక్కుంది.

అయినా ఊళ్లలో చందాలు ఎందుకు వేసుకుంటారో మాకు తెలుసు. నాటు వేసిన మడి రెండు రోజులు ఎండితే పంట పోతుంది. రైతుకు హక్కు కంటే నీళ్లు ముందు. అందుకే కాలిన గంటలోపే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆ నంబరు, టైము ఒక కాగితం మీద రాసి, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులంతా సంతకాలు పెట్టి ఏఈకి ఇవ్వండి. నంబరున్న ఫిర్యాదుకు జవాబు చెప్పకుండా తప్పించుకోవడం కష్టం.

ఫ్యూజు పోతే మాత్రం కట్టె పట్టుకొని మీరు ఎక్కొద్దు. ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆపే ఏబీ స్విచ్ దింపినా ఒక్కో బ్లేడు విడవకుండా అతుక్కొని ఉంటుంది, కింద నిలబడి చూస్తే తెలియదు. ప్రాణాలు అట్లాగే పోయాయి.

ఇంటి మీద సోలార్ పెట్టుకోవడం లాభమేనా?

నెలకు 300 యూనిట్ల పైన వాడేవాళ్లకు లాభమే. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు, ఆపైన 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. మన ఎండకు 3 కిలోవాట్ల ప్యానెళ్లు నెలకు సుమారు 300 నుంచి 360 యూనిట్లు ఇస్తాయి. జీరో బిల్లు వచ్చే ఇల్లు అప్పు చేసి పెట్టుకోవాల్సిన పని లేదు.

రిజిస్టర్ పోస్టు ఎత్తేశారట, నిజమేనా?

విడిగా ఉండే సర్వీసు పోయింది. 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపారు. మనిషి చేతికే ఇచ్చి సంతకం తీసుకునే సౌకర్యం మాత్రం ఉంది. స్పీడ్ పోస్టు చేసేటప్పుడు "రిజిస్ట్రేషన్ కావాలి" అని నోటితో అడగాలి, దానికి 5 రూపాయలు అదనం. అడగకపోతే మామూలు స్పీడ్ పోస్టుగానే పోతుంది. భూమి తగాదా నోటీసులు, కోర్టు కాగితాలు పంపేవాళ్లు ఇది మర్చిపోవద్దు.

2025 అక్టోబర్ 1 నుంచి 50 గ్రాముల లోపు స్పీడ్ పోస్టు స్థానికంగా 19 రూపాయలు, దేశంలో ఇంకెక్కడికైనా 47, జీఎస్టీ వేరు. పేదవాడి రిజిస్టర్ ఉత్తరం ఖర్చు పెరిగిందన్నది నిజం. తపాలా శాఖ ఈ విషయంలో మళ్లీ ఆలోచించాలి. పిన్‌కోడ్ సరిగ్గా రాయండి: హనుమకొండ 506001, వరంగల్ 506002, కాజీపేట 506003. మూడు ఊళ్లు కలిసిపోయాయని మూడింటికీ ఒకటే రాస్తే ఉత్తరం చుట్టూ తిరుగుతుంది.

అమ్మ వేలిముద్ర పడట్లేదు. పోస్టాఫీసులో పింఛను ఇవ్వనంటున్నారు.

జీవితమంతా పత్తి ఏరి, బీడీలు చుట్టి, నాట్లు వేసిన చేతులకు గీతలు అరిగిపోతాయి. అది ఆమె తప్పు కాదు, పింఛను ఆపడానికి కారణమూ కాదు. వేలిముద్ర పడనివాళ్లకు పంచాయతీ కార్యదర్శి ధ్రువీకరణతో ఇచ్చే పద్ధతి ముందు నుంచీ ఉంది. 2025 నుంచి ముఖం గుర్తించే యాప్ కూడా తెచ్చారు. "మిషన్ తీసుకోవట్లేదు" అని పంపిస్తే అక్కడి నుంచి నేరుగా గ్రామ పంచాయతీకి పోండి, అక్కడా కాకపోతే ఎంపీడీవోకు రాసివ్వండి.

2,016 రూపాయల పింఛనులో 16 రూపాయలు చిల్లర లేదని ఆపుకోవడం కొన్నిచోట్ల జరుగుతోంది. పదహారు రూపాయలే కదా అనొద్దు. ఆ ముసలమ్మకు అది బీపీ గోలీల పైసలు. మొత్తం లెక్కపెట్టి తీసుకున్నాకే లేవండి.

సింగరేణిలో రిటైరైనవాళ్లకు ఒక మాట. ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కోసం గోదావరిఖని, కొత్తగూడెం దాకా బస్సెక్కక్కర్లేదు. పోస్ట్‌మన్ ఇంటికొచ్చి ఫోన్‌లోనే 70 రూపాయలకు జీవన్ ప్రమాణ్ చేస్తాడు.

పోస్టాఫీసులో దాచిన డబ్బు భద్రమేనా?

పొదుపు పథకాలకు కేంద్ర ప్రభుత్వ పూచీ ఉంది, పైసా పోదు. ఆడపిల్లకు సుకన్య సమృద్ధి, పెద్దలకు సీనియర్ సిటిజన్ పథకం 2024 జనవరి నుంచి 8.2 శాతం వడ్డీ ఇస్తూ వచ్చాయి. మూడు నెలలకోసారి ప్రభుత్వం రేట్లు చూస్తుంది కాబట్టి కట్టే ముందు ఒకసారి కనుక్కోండి.

జాగ్రత్త అవసరమైంది వేరేచోట. డబ్బు ఇచ్చిన వెంటనే పాస్‌బుక్‌లో రాయించుకొని ముద్ర వేయించుకోండి, మిషన్ రసీదు తీసుకోండి. పాస్‌బుక్ పోస్టుమాస్టర్ దగ్గరే వదిలి రావొద్దు, ఎంత తెలిసిన మనిషైనా సరే. ఆ రాత, ఆ రసీదు ఉంటేనే శాఖ ముందు మీ మాట నిలబడుతుంది.

సింగరేణి, డిస్కం, పోస్టాఫీసు ప్రైవేటుకు పోతాయా?

మూడింటి కథలు మూడు.

సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. రాష్ట్రాన్ని కాదని కేంద్రం అమ్మలేదు. సమస్య వాటాలది కాదు, కొత్త బొగ్గు బ్లాకులది. 2015 నుంచి చట్టం వేలం దారి పట్టింది. 2024 జూన్‌లో మంచిర్యాల జిల్లా శ్రావణపల్లి బ్లాకును కూడా వేలం జాబితాలో పెట్టారు. పాత గనులు అయిపోతూ కొత్తవి దొరక్కపోతే కంపెనీ పేరు ప్రభుత్వానిదే అయినా పని కరిగిపోతుంది. అందుకే సింగరేణికి నేరుగా బ్లాకులు కేటాయించాలన్న కార్మికుల డిమాండు మా డిమాండు కూడా.

డిస్కంల విషయంలో 2022 ఆగస్టులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు ఒకే ప్రాంతంలో, ఉన్న లైన్ల మీదే, పలు సంస్థలు కరెంటు అమ్మేలా రాశారు. అది చట్టం కాలేదు. 2025 అక్టోబర్‌లో కొత్త ముసాయిదా వచ్చింది. మన డిస్కంకు ఇందులో ఉన్న ముప్పు హైదరాబాద్ వైపు డిస్కంకు లేదు. పెద్ద కంపెనీలు, ఐటీ టవర్లు అటే ఉన్నాయి. మనవైపు ఇళ్లు, బావి మోటార్లు, కొన్ని మిల్లులు, ఆసుపత్రులు. ఎక్కువ రేటు కట్టే ఆ కొద్దిమందీ వేరే సంస్థకు మళ్లితే ఏటూరునాగారం, ఆసిఫాబాద్ అడవి ఊళ్లకు లైను వేసే డబ్బు ఎక్కడి నుంచి రావాలి?

పోస్టాఫీసుకు 1898 నాటి చట్టం పోయి, 2023 చట్టం 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చింది. ఉత్తరాలు మోయడంలో ప్రభుత్వానికి మాత్రమే ఉన్న హక్కు కొత్త చట్టంలో లేదు. శాఖ మాత్రం ప్రభుత్వానిదే.

ఎవరూ పట్టించుకోకపోతే ఫిర్యాదు ఎక్కడ?

కరెంటుకు మొదట 1912, తర్వాత ఏఈ, ఏడీఈ. అక్కడా తేలకపోతే వినియోగదారుల ఫోరం, అంటే సీజీఆర్ఎఫ్. మన డిస్కంకు హనుమకొండలో ఒకటి, నిజామాబాద్‌లో ఒకటి ఉన్నాయి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. బిల్లు జిరాక్సు, ఫిర్యాదు నంబరు, మీరిచ్చిన దరఖాస్తు నకలు జతచేస్తే చాలు. ఫోరం తీర్పు నచ్చకపోతే ఆలస్యం చేయకుండా హైదరాబాద్‌లోని విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. పోస్టాఫీసుకు టోల్‌ఫ్రీ 1800 266 6868, అక్కడ తేలనివాటికి తపాలా శాఖే ఫిర్యాదులు వినే డాక్ అదాలత్ ఉంది.

దరఖాస్తు తెలుగులో రాయొచ్చా?

రాయొచ్చు, తెల్ల కాగితం మీద చేత్తోనే. రెండు ప్రతులు రాసి, రెండోదాని మీద తేదీ, ముద్ర వేయించుకొని ఇంటికి తెచ్చుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ పెట్టి ఆ ఆఫీసుకే పంపండి.